వారానికొక విరామం

వారమంతా పనిచేసినవారికి ఒకరోజు సెలవు ఉండాలన్న మాటను నేడు ఎవరూ కాదనరు. కాని ఒకప్పుడు ఈ దేశంలో మిల్లు కార్మికులకు ఆ సెలవు లేదు. ప్రభుత్వ కచేరీలకు ఆదివారం తలుపులు మూసినా మిల్లు కూత మాత్రం ఆగేది కాదు.

బొంబాయిలో మొదటి నూలుమిల్లును 1854లో స్థాపించారు. కొద్దికాలంలోనే మిల్లులు పెరిగాయి. పల్లెల్లో బతుకు తెరువు లేనివారు బొంబాయికి తరలివచ్చారు. ఆనాటి మిల్లుల్లో సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు పని. వేసవిలో పగలు పొడుగైతే పనీ పొడుగయ్యేది. స్త్రీలు, పసిపిల్లలు కూడా యంత్రాల నడుమ నిలబడేవారు. నూలు ధూళి ఊపిరి సలపనిచ్చేది కాదు. యంత్రంలో చెయ్యి పోతే పనీ పోయేది.

కార్మికులు ఊరుకోలేదు. 1877లో నాగపూరు ఎంప్రెస్ మిల్లులో కూలి రేట్ల విషయమై సమ్మె జరిగింది. అయితే వెనుక ఒక సంఘమంటూ లేకపోవడం వల్ల అలాంటి సమ్మెలు ఎక్కువకాలం నిలిచేవి కావు. అందరి గొంతును ఒకటిగా వినిపించేవారు కావలసివచ్చారు.

ఆ పనికి పూనుకొన్నవారు నారాయణ్ మేఘాజీ లోఖండే. ఆయన ఒక మిల్లులో సరుకుల లెక్కలు చూసే ఉద్యోగిగా పనిచేశారు. కనుక కూలీల కష్టాలు ఆయనకు కళ్లారా చూసినవే. జ్యోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజంలో ఆయన కార్యకర్త. బొంబాయిలో స్థిరపడిన తెలుగువారు కొందరు ఆ సమాజానికి అండగా నిలిచారన్న సంగతి మనం గుర్తుంచుకోదగినది. 'దీనబంధు' పత్రికకు సంపాదకులై లోఖండే కార్మికుల పక్షాన రాశారు.

1884 సెప్టెంబరులో ఆయన కార్మికుల సభలు జరిపారు. సుమారు 5,500 మంది సంతకాలతో ఒక విన్నపం సిద్ధమైంది. ఆదివారం సెలవు కావాలి; మధ్యాహ్నం అరగంట విరామం ఇవ్వాలి; జీతం సకాలంలో చెల్లించాలి; పనిలో గాయపడితే కోలుకొనేదాకా జీతం ఇవ్వాలి - ఇవీ వారి కోరికలు. ఆ ఏడాదే బొంబాయి మిల్లు కార్మికుల సంఘం ఏర్పడింది. దానికి నిధులు లేవు, సభ్యుల పట్టిక లేదు. నేటి కార్మిక సంఘాలతో పోల్చలేము. అయినా కార్మికుల కోరికలు కాగితం మీదికి ఎక్కినది దానివల్లనే.

విన్నపానికి వెంటనే ఫలితం రాలేదు. లాంకషైరు మిల్లు యజమానులు తమకు పోటీ తగ్గాలని భారతదేశంలో పనిగంటల చట్టం కోరారు. అందువల్ల మనదేశపు పెద్దలలో చాలామంది ఆ చట్టాన్ని శంకించారు. ఆ వాదోపవాదాల మధ్య కార్మికుడి అలసట మరుగున పడింది. లోఖండే మాత్రం పట్టు విడువలేదు. 1890 ఏప్రిల్ 24న జరిగిన సభకు సుమారు పదివేలమంది వచ్చారు. ఇద్దరు స్త్రీ కార్మికులు కూడా వేదికపై మాట్లాడారు. ఆ జూన్ నెలలో యజమానులు వారానికొకరోజు సెలవుకు అంగీకరించారు. 1891 నాటి ఫ్యాక్టరీ చట్టం వారపు సెలవును నియమంగా చేసింది. స్త్రీల పనిని రోజుకు 11 గంటలకు, పిల్లల పనిని 7 గంటలకు పరిమితం చేసింది. మగవారి పనిగంటలకు హద్దు రావడానికి మాత్రం ఇంకా ఇరవై ఏళ్లు పట్టింది.

1897లో ప్లేగు వ్యాధితో లోఖండే మరణించారు. ఆయన పేరు తెలియనివారు కూడా ఆయన సాధించిన సెలవును అనుభవిస్తున్నారు. ఒక్కడు అడిగితే మొర. అందరూ కలిసి అడిగితే హక్కు.

ప్రశ్నలు

1. ఆనాటి మిల్లు కార్మికుల కష్టాలను మీ మాటల్లో రాయండి.
2. 1884 నాటి విన్నపంలోని కోరికలేవి? వాటిలో మీకు ముఖ్యమని తోచినదేది? ఎందుకు?
3. వారపు సెలవు లేని పనివారు మీ ఊరిలో ఉన్నారా? వారితో మాట్లాడి పది వాక్యాలు రాయండి.