వీసా ఇంటర్వ్యూకు వెంట ఉండవలసిన పత్రములు

చిత్తూరు, తిరుపతి జిల్లాల గ్రామములనుండి ఉన్నత విద్యకై అమెరికాకు పోగోరు యువతీయువకులు నేడు పెక్కుమంది గలరు. మామిడితోట తాకట్టు పెట్టియైనను బిడ్డను పంపదలచిన రైతు మొదట సలహా యడుగునది సర్పంచునో, వార్డు సభ్యునో. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును తెలిసికొనియుండుట మేలు.

ఎచటికి పోవలెను?

అమెరికా రాయబార కార్యాలయము ఢిల్లీలో నున్నది. ఒకప్పుడు మన ప్రాంతమువారు చెన్నైలోని కాన్సులేటుకు పోయెడివారు. 2008లో హైదరాబాదున కాన్సులేటు ఏర్పడినది. 2023 మార్చి నుండి అది నానక్‌రామ్‌గూడలోని నూతన భవనమున పనిచేయుచున్నది. వ్రేలిముద్రలు ముందుగా వేరొక కేంద్రమున తీసికొందురు. ఇంటర్వ్యూ తరువాత జరుగును. తిరుపతిలో రాత్రి రైలెక్కి పోయినవారు ఒక్క కాగితము మరచినను, ఇంటికి వచ్చి తీసికొనిపోవుటకు వ్యవధి యుండదు.

తప్పక ఉండవలసినవి

1. పాసుపోర్టు; పాతవి యున్నచో అవియును.
2. డి.ఎస్.-160 అను దరఖాస్తు సమర్పించినట్లు తెలుపు పుట, ఇంటర్వ్యూ తేదీ తెలుపు పత్రము.
3. విశ్వవిద్యాలయము పంపిన ఐ-20 పత్రము. దానిపై విద్యార్థి సంతకము చేయవలెను.
4. సెవిస్ రుసుము చెల్లించిన రసీదు.
5. ఆరు నెలలలోపున తీయించిన, రెండంగుళముల చదరపు ఫొటో.

వీనితోపాటు మార్కుల జాబితాలు, పట్టా, బ్యాంకు ఖాతా వివరములు, విద్యాఋణము మంజూరైన ఉత్తరువు సిద్ధముగా నుంచుకొనవలెను. అధికారి వీనిని అడుగవచ్చును, అడుగకపోవచ్చును. ఇంటర్వ్యూ కొన్ని నిమిషములలోనే ముగియును. చదువు ముగిసిన పిదప స్వదేశమునకు తిరిగివచ్చు ఉద్దేశము గలదని విద్యార్థియే అధికారికి నమ్మకము కలిగింపవలెనని ఆ దేశపు చట్టము. కావున ఏ కళాశాల, ఏ చదువు, ఖర్చు ఎవరు భరింతురు, పిమ్మట ఏమి చేయుదురు అను ప్రశ్నలకు తన మాటలలో సూటిగా జవాబు చెప్పవలెను. సెల్‌ఫోను, సంచులు లోనికి తీసికొనిపోరాదు.

పేరు ఒక్కటిగా నుండవలెను

పత్రములెన్ని యున్నను అవి ఒకదానితో నొకటి సరిపోలనిచో చిక్కులు తప్పవు. మనవారికి ఇంటిపేరు ముందు వచ్చును. పదవ తరగతి పత్రములో ఇంటిపేరు పొడి అక్షరముగను, పాసుపోర్టులో పూర్తిగను ఉండుట సామాన్యము. పాసుపోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా విడిచినచో, అమెరికా వీసాలో పూర్తి పేరంతయు ఇంటిపేరుగా నమోదై, అసలు పేరుండవలసిన చోట "ఎఫ్.ఎన్.యు.", అనగా మొదటి పేరు తెలియదు అని పడును. ఇట్టి లోపములను దరఖాస్తుకు ముందే తిరుపతి పాసుపోర్టు సేవా కేంద్రము ద్వారా సరిచేయించుకొనవలెను.

దళారుల మాట విని కూటపత్రములు చూపరాదు. మోసము బయటపడినచో ఆ ఒక్క వీసాయే గాక, జీవితాంతము అమెరికా ప్రవేశమునకే అనర్హత కలుగవచ్చును. తోట పోయి, చదువును పోవును.

పంచాయతీ చేయదగిన పని

ఈ పత్రములన్నిటికి మూలము గ్రామములోని జనన రిజిస్టరు. శిశువు పుట్టిన 21 దినములలో జననమును తెలియజేయవలెను. పేరు అప్పటికి పెట్టకున్నచో ఒక సంవత్సరములోపున ఉచితముగను, ఆ పిదప 15 సంవత్సరముల వరకు ఆలస్య రుసుముతోను వ్రాయించుకొనవచ్చును. 2023 అక్టోబరు 1వ తేదీన గాని, తరువాత గాని పుట్టినవారికి పాసుపోర్టు పొందుటకు పుట్టినతేదీ నిదర్శనముగా జనన ధ్రువపత్రము ఒక్కటే చెల్లును.

కావున ప్రతి సభ్యుడును తన వార్డులోని పసిబిడ్డల పేర్లు రిజిస్టరులో నున్నవా, ఇంటిపేరుతో సహా సరిగా నున్నవా యని కార్యదర్శితో కలసి పరిశీలింపవలెను. నేడు సరిగా వ్రాయించిన ఒక్క పేరు, ఇరువది యేండ్ల పిమ్మట ఆ బిడ్డ ఏ దేశపు అధికారి యెదుట నిలిచినను తడబడకుండ కాపాడును.