నమూనా విమానము - లోహపు పని

హైదరాబాదు పాతనగరమునకు పూర్వము చుట్టును ప్రాకారమును, దానికి 13 దర్వాజాలును ఉండెడివి. వానిలో నేడు నిలిచియున్నవి రెండు మాత్రమే. ఒకటి మూసీనది వంతెన చెంతనున్న పురానాపూల్ దర్వాజా. రెండవది తూర్పుదిక్కుననున్న దబీర్‌పురా దర్వాజా. దబీర్ అనగా పారసీక భాషలో వ్రాయసగాడని యర్థము. పేరు వ్రాతపనిదే గాని, ఆ దర్వాజా చుట్టుపట్లనున్న సందులలో నడచువారికి ఆకురాయి చప్పుడు, రంపపు చప్పుడు వినవచ్చుచుండును. నీటిపంపుల ఇరుసులు, మోటారుసైకిళ్ల భాగములు, ఇనుప గేట్లు అచ్చట మరమ్మతు పొందుచుండును. ఒక గది, ఒక లేతు యంత్రము, ఒక బల్ల, గోడకు తగిలించిన కొలత సాధనములు - కర్మశాల యనగా ఇంతే.

అట్టి కర్మశాల యొకదానికి ఇంజనీరింగు చదువుచున్న ఒక యువకుడు కొన్ని నెలలపాటు వచ్చుచుండుట నేను చూచితిని. అతడు చేయబూనినది పుష్పక్ అను విమానమునకు నాలుగవవంతు నమూనా. పుష్పక్ మన దేశమున రూపొందిన చిన్న శిక్షణ విమానము. విష్ణు మాధవ్ ఘాటగే అను ఇంజనీరు నాయకత్వమున బెంగుళూరిలో తయారై, 1958వ సంవత్సరమున మొదటిసారి ఎగిరెను. దాని రెక్కల వెడల్పు, ఈ కొననుండి ఆ కొనకు, 36 అడుగులు. నమూనాకు 9 అడుగులు. దానిని ఇంటి గుమ్మములోనుండి వెలుపలికి తెచ్చుటయే ఒక పని! మొండెమును రెక్కలను తేలికైన కఱ్ఱతో ఇంటనే చేసికొనవచ్చును. ఇంజను నిలుచు చట్రము, చక్రముల కాళ్లు, ఇరుసులు, రెక్కలను మొండెమునకు బిగించు పట్టీలు మాత్రము లోహముతో చేయవలెను. ఆ కొలతలవి అంగడిలో దొరకవు. అందువలననే ఆ యువకుడు దబీర్‌పురాకు వచ్చెను.

బొమ్మ విమానములు తీగతోను, జిగురుతోను నిలుచుచుండగా దీనికి మాత్రము ఇంత లోహపుపని ఏల యని మీరు అడుగవచ్చును. ఇందుకు సమాధానము మీ గణిత పుస్తకములోనే యున్నది. ఒక అంగుళము భుజముగల కొయ్య ఘనమును, రెండంగుళముల భుజముగల ఘనమును ప్రక్కప్రక్కన నుంచుడు. పొడవు రెట్టింపైనది. ముఖవైశాల్యము నాలుగు రెట్లైనది. బరువో, ఎనిమిది రెట్లైనది. ఘనమూలములను కంఠస్థము చేయు పిల్లలు ఈ కొయ్యముక్కలను ఒక్కసారి చేతబట్టి చూచిన ఎంత బాగుండునో!

విమానమునకు ఇదే లెక్క వర్తించును. ఒకటిన్నర మీటరు రెక్కలు గలిగి 2 కిలోగ్రాములు తూగు నమూనాను అదే విధముగ, అదే సామగ్రితో మూడు మీటర్లకు పెంచినచో అది 16 కిలోగ్రాములు తూగును. దానిని మోయవలసిన రెక్కల వైశాల్యము మాత్రము నాలుగు రెట్లే. కావున అది గాలిలో నిలుచుటకు మునుపటికంటె సుమారు ఒకటింబావు నుండి ఒకటిన్నర రెట్లు వేగముగ పోవలెను. నేలకు దిగునప్పుడును అంతే. ఎనిమిది రెట్ల బరువు, పెరిగిన వేగము కలిసి, నేల తాకునప్పుడు దాని శక్తి పదునారు రెట్లగును. ఆ దెబ్బను కాచుకొనవలసిన కాలికడ్డీ అడ్డుకోత వైశాల్యము నాలుగు రెట్లు మాత్రమే పెరిగినది. నిజమైన పుష్పక్ నిండు బరువు సుమారు 610 కిలోగ్రాములు. నాలుగు ఘనము 64 గదా! భాగించిన తొమ్మిదిన్నర కిలోగ్రాములు వచ్చును. మన యువకుని నమూనాయు పది కిలోగ్రాములకు అటునిటుగ తూగెను. పది కిలోగ్రాముల వస్తువు గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవుచు దేనినైన తాకినచో, ఆ దెబ్బ 25 మీటర్ల ఎత్తునుండి, అనగా ఎనిమిదంతస్తుల మేడపైనుండి అది పడిన దానితో సమానము. ఇక దానిని బొమ్మ యనవచ్చునా?

పరిమాణము మారినపుడు బలము వెంట రాదను సంగతి గొప్పవారికిని కష్టము కలిగించినది. అమెరికా దేశపు శాస్త్రవేత్త శామ్యూల్ లాంగ్లీ 1896 మే 6వ తేదీన ఆవిరి యంత్రముతో నడచు నమూనా విమానమును పొటోమాక్ నదిపై ఎగురవేసెను. దాని రెక్కలు నాలుగు మీటర్లకు పైబడినవి. మనుష్యుడు లేని ఆ యంత్రము సుమారు ఒక కిలోమీటరు దూరము చక్కగ పోయెను. తరువాత అదే రీతిలో మనుష్యుని మోయు పెద్ద విమానమును నిర్మించెను. అది 1903లో అక్టోబరు 7న ఒకసారి, డిసెంబరు 8న మరియొకసారి బయలుదేరిన వెంటనే నదిలో కూలెను. పెద్ద ఆకృతికి తగిన దార్ఢ్యము చట్రమునకు లేకపోవుట అందుకు ఒక కారణమని పలువురు ఇంజనీర్ల అభిప్రాయము.

ఇక లేతు సంగతి. మన పెద్దలు తరిమెన యని పిలిచినదియు, దబీర్‌పురాలో ఖరాదు అని పిలుచునదియు ఇదియే. ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడు కఱ్ఱనుండి పుట్టునది తరిమెనపైననే. కుమ్మరి సారెపై మట్టి తిరుగును, చేయి నిలుచును. లేతుపై లోహపు కడ్డీ తిరుగును, ఉక్కు ఉలి నిలుచును. ఉలి తాకినచోట లోహము సన్నని చుట్టలుగ లేచిపోవును. క్రొత్తవారు ఇచ్చట ఒక చిక్కులో పడుదురు. ఉలిని ఒక మిల్లీమీటరు లోనికి జరిపినచో కడ్డీ వ్యాసము ఒకటి గాదు, రెండు మిల్లీమీటర్లు తగ్గును. ఏలయన కోత రెండు ప్రక్కలను పడుచున్నది. తీసిన లోహమును తిరిగి అంటించు ఉలి ఇంకను పుట్టలేదు.

ఇరుసు మొదట తయారయ్యెను. చక్రపు బేరింగులో అది వదులుగ నుండరాదు, బిగిసిపోరాదు. మిల్లీమీటరులో నూరవవంతును చూపు మైక్రోమీటరుతో దానిని కొలిచిరి. కర్మశాల యజమానిని అందరును ఉస్తాద్ అని పిలుతురు. ఆయన కోత ముగిసిన వెంటనే కొలువలేదు; కడ్డీని బల్లపైనుంచి చల్లారనిచ్చెను. లోహము వేడికి వ్యాకోచించునని మీరు చదివితిరి. 25 మిల్లీమీటర్ల అల్యూమినియము ముక్క 50 డిగ్రీలు వేడెక్కినచో మిల్లీమీటరులో నూటికి సుమారు మూడు వంతులు లావగును. వేడిగనున్నపుడు సరియైన కొలత చల్లారిన పిదప తక్కువగును. నగరము వెలుపల ఆదిభట్లలో 2018లో ప్రారంభమైన పెద్ద కర్మాగారమున అపాచీ హెలికాప్టరుల మొండెములు తయారైనవి. యంత్రములు వేరు గాని, ఈ వేడి లెక్క అచ్చటను ఇచ్చటను ఒకటే.

ఇరుసు లావుపాటి భాగము సన్నని భాగమును కలియుచోట ఉస్తాద్ పదునైన మూల తీయలేదు, చిన్న వంపు విడిచెను. పదునైన మూలలో ఒత్తిడి కూడుకొని పగులు పుట్టును. 1954లో కామెట్ అను ఆంగ్ల జెట్ విమానములు రెండు ఆకాశమున విచ్చిపోయి, వానిలోనివారందరును మరణించిరి. పరిశోధకులు ఒక పూర్తి విమానమును నీటితొట్టిలోనుంచి, లోపలి ఒత్తిడిని మరల మరల పెంచి తగ్గించి పరీక్షింపగా, కిటికీవంటి రంధ్రముల మూలలయొద్ద లోహము అలసి పగులుచున్నదని తేలెను. ఇంతటి విమానమునకైనను, అంగుళమంత ఇరుసునకైనను మూల మూలయే.

చిన్న కర్మశాలలో విమానపు పనియా యని ఎవరైన నవ్వినచో, వారికి చార్లెస్ టేలర్ కథ చెప్పుడు. రైట్ సోదరుల సైకిలు దుకాణములో పనిచేయు మెకానిక్కు ఆయన. వారి తొలి విమానమునకు ఇంజనును ఆయన ఆరు వారములలో చేసెను. లోహపుపనికి అచ్చటనున్న యంత్రములు రెండే: ఒక లేతు, ఒక బెజ్జములు వేయు యంత్రము. ఇంజనుకు ప్రాణమైన వంకర ఇరుసును దళసరి ఉక్కు పలకనుండి తీసెను. పలకపై ఆకారము గీసి, గీత వెంబడి వరుసగ బెజ్జములు వేసి, అదనపు ఉక్కును సుత్తెతో ఉలితో తొలగించి, మిగిలినదానిని లేతుపై నున్నగ చేసెను. 1903 డిసెంబరు 17న విమానమును నడపినది ఆ ఇంజనే.

లోహమును కోయుట యెంత ముఖ్యమో కలుపుట అంత ముఖ్యము. కలుపు విధములు పెక్కు గలవు. వెండి కలిసిన టంకముతో అతుకుట మన కంసాలులకు అనాదిగ తెలిసినదే. అతుకవలసిన చోట వెలిగారము పూసి వేడిచేయగా, లోహముపై పట్టిన చిలుము కరగి తొలగును. టంకము ద్రవమై సన్నని సందులోనికి తానే ప్రాకును. దీపపు వత్తిలో నూనె ప్రాకినట్లే ఇదియు. అయితే సందు మిల్లీమీటరులో పదవవంతు ప్రాంతమున నుండవలెను. వెడల్పైనచో టంకము ప్రాకదు. చూచితిరా, లేతుపై తప్పిన కొలత ఇచ్చట కొలిమియొద్ద బయటపడును.

ఇంజను చట్రమునకు క్రోమియము, మాలిబ్డినము కలిసిన ఉక్కు గొట్టములను వెల్డింగు చేసిరి. గొట్టపు గోడ మందము ఒక మిల్లీమీటరైనను లేదు. ఒక గొట్టపు అంచును రెండవ గొట్టపు వంపునకు సరిపోవునట్లు అర్ధచంద్రాకారముగ ఆకురాయితో రాచి, ముందు నాలుగువైపుల చుక్కలవంటి అతుకులు వేసి, పిదప ఎదురెదురుగ పూర్తిచేయవలెను. ఒక ప్రక్కనే వరుసగ చేసికొనిపోయినచో, చల్లారునపుడు లోహము ముడుచుకొని చట్రము వంగును. చట్రపు కాళ్లు నూరు మిల్లీమీటర్ల ఎడముగ నుండి, ఒకటి మిల్లీమీటరు పొట్టియైనచో ఇంజను అర డిగ్రీకి మించి ప్రక్కకు చూచును. తాము కావలెనని ఇంజనును రెండు మూడు డిగ్రీలు త్రిప్పి నిలుపువారికి ఈ అర డిగ్రీ స్వల్పము గాదు.

అల్యూమినియము ఇంకను జిత్తులమారి. ఇనుము ఎఱ్ఱబారి, కరగబోవుచున్నానని ముందే చెప్పును. అల్యూమినియము రంగు మారకయే 660 డిగ్రీలవద్ద ఒక్కసారిగ జారిపోవును. పైనున్న చిలుముపొర మాత్రము 2000 డిగ్రీలు దాటినగాని కరగదు. కావున ఆర్గాన్ వాయువు కమ్మిన విద్యుజ్జ్వాలతో, ఏకాంతర విద్యుత్తు సాయమున ఆ పొరను చీల్చుచు అతుకవలెను. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ కనుగొన్న రాగి కలిసిన గట్టి మిశ్రమములైతే, ఇట్టి అతుకునకు సాధారణముగ లొంగవు. వేడి తగిలినచోట బలము పోవును. విమానముల రేకులపై వరుసలు వరుసలుగ రివెట్లు కనబడుటకు ఇది ఒక ముఖ్యకారణము. అందుచేత మన నమూనా కాళ్లను మందమైన రేకునుండి వంచి బోల్టులతో బిగించిరేగాని అతుకలేదు. జింకుపూత పూసిన గొట్టములను ఉస్తాద్ అసలు ముట్టలేదు. వాని పొగ పీల్చినవారికి జ్వరము వచ్చును.

చట్రము పూర్తియైన సాయంకాలము యువకుడు తొందరపడెను. "ఉస్తాద్, ఆదివారము ఎగురవేయుదమని మిత్రులతో చెప్పితిని. అతుకు అద్దమువలె నున్నది గదా, ఇచ్చివేయుడు" అనెను. ఉస్తాద్ బదులు చెప్పక, చట్రముతోపాటు అదే గొట్టముతో, అదే కడ్డీతో, అదే కుఱ్ఱవానిచేత వేయించి యుంచిన మరియొక అతుకును తీసి వైసులో బిగించెను. పొడుగు పైపు తొడిగి వంచెను. మంచి అతుకైనచో గొట్టము వంగవలెను, అతుకు నిలువవలెను. కాని టక్కుమని అతుకే ఊడివచ్చెను. విఱిగినచోట చూడగా పైన నున్నని లోహము, లోపల మాత్రము రెండు గొట్టముల అంచులు కరగకయే వేటికవి నిలిచియున్నవి. వేడి అడుగువఱకు చేరలేదు.

"దీని క్రింద పిల్లలు నిలబడుదురు బేటా" అని ఉస్తాద్ చట్రమును రంపపుబల్ల వైపు త్రోసెను.

ఆ ఆదివారము విమానము ఎగురలేదు. క్రొత్త గొట్టములు కోసి, వేడి పెంచి, మరల పరీక్ష ముక్క చేసి వంచిరి. ఈసారి గొట్టము లొట్టపోయి వంగెను, అతుకు చెక్కుచెదరలేదు. చట్రమునకు పలుచని తెల్లరంగు మాత్రమే పూసిరి. మందముగ పూసినచో అడుగున పుట్టిన పగులు కనబడదు. పలుచని తెలుపుపై వెండ్రుకంత గీతయైనను నల్లగ తేలును.

2021 నాటి డ్రోన్ నియమముల ప్రకారము 25 కిలోగ్రాములకు మించక, వినోదమునకో విద్యకో ఉపయోగించు నమూనా విమానములను కంటికి కనబడునంత దూరములోనే ఎగురవేయవలెను. విమానాశ్రయముల పరిసరములలో అనుమతి లేనిదే ఎగురవేయరాదు. కావున యువకుడును మిత్రులును నగరమునకు దూరముగ నున్న మైదానమునకు పోయిరి. మొదట విమానమును నేలపైననే అటునిటు పరుగెత్తించిరి. ఇంజను ఆపి, మూత తెరచి, భూతద్దముతో ప్రతి అతుకును చూచిరి. బోల్టులపై ముందుగ గీచిన ఎఱ్ఱగీతలు తొలగినవేమో పరిశీలించిరి. రెండు బోల్టుల గీతలు కొంచెము జరిగియుండెను. వానిని బిగించి, గీతలు మరల గీచి, విమానమును గాలికి ఎదురుగ నిలిపిరి.