దూకేటప్పుడు మోకాళ్లు ఎందుకు వంచాలి?

ఇంటికి సున్నం వేస్తుండగా నిచ్చెన జారడంతో ఒకాయన కిందికి దూకేశారు. మడమలు నేలకు గట్టిగా తగిలాయి. కాలు బెణికిందనుకుని కట్టు కట్టించుకుని మూడు రోజులు ఇంట్లోనే ఉన్నారు. మా వార్డుకు వచ్చేసరికి మడమ వాచి నల్లబడింది. ఎక్స్‌రేలో మడమ ఎముక విరిగినట్టు తెలిసింది. నడుము కూడా నొప్పిగా ఉందంటే డాక్టరుగారు అక్కడా ఎక్స్‌రే తీయించారు. ఒక వెన్నుపూస నలిగి ఉంది! మడమ మీద పడిన దెబ్బ వెన్నుదాకా ఎలా వెళ్లింది?

మన శరీరంలో దెబ్బను తట్టుకునే ఏర్పాట్లు చాలా ఉన్నాయి. మడమ కింద కొవ్వు మెత్తలా ఉంటుంది. పాదం వంపు స్ప్రింగులా సాగుతుంది. మోకాలిలో మృదులాస్థి, వెన్నుపూసల మధ్య 23 డిస్కులు ఉన్నాయి. అయితే ఎక్కువ భారం మోసేవి పిక్క, తొడ, పిరుదుల కండరాలే. చీలమండ, మోకాలు, తుంటి వంగుతుంటే ఈ కండరాలు బిగువుగా ఉంటూనే మెల్లగా సాగి, వేగాన్ని తగ్గిస్తాయి. క్రికెట్ బంతిని పట్టేవారు చేతులు వెనక్కి తీసుకోవడం కూడా ఇందుకే.

ఈ లెక్క చూడండి. 3 అడుగుల ఎత్తు నుంచి దూకిన మనిషి కాళ్లు బిగబట్టి 2 అంగుళాల్లోనే ఆగితే, పాదాల మీద సగటున శరీర బరువుకు 19 రెట్ల బలం పడుతుంది. 60 కిలోల మనిషికి అది 1,100 కిలోలు దాటుతుంది. అదే మోకాళ్లు వంచుతూ ఒకటిన్నర అడుగులో ఆగితే 3 రెట్లే, అంటే 180 కిలోలు.

కాళ్లు నేలను తాకకముందే మెదడు కండరాలను సిద్ధం చేస్తుంది. చీకట్లో మెట్లు అయిపోయాయనుకుని ఇంకో మెట్టు దిగితే ఒళ్లంతా అదురుతుంది కదా! కండరాలు సిద్ధంగా లేకపోవడమే కారణం.

పిల్లలకు ఇలా నేర్పండి:

1. ముందు మునివేళ్ల వైపు, తర్వాత మడమ ఆనించాలి.
2. మోకాళ్లు, తుంటి వెంటనే వంచాలి. మోకాళ్లు లోపలికి వాలకూడదు.
3. చప్పుడు ఎంత తక్కువైతే అంత మంచిది.

ఎలా దూకినా ఎత్తు ఎక్కువైతే ఎముకలు తట్టుకోలేవు. పెద్ద వయసువారు, ఎముకలు గుల్లబారినవారు అసలు దూకవద్దు. ట్రాక్టరు మీది నుంచైనా పట్టుకుని ఒక్కో అడుగే దిగండి.

ఎత్తు నుంచి పడ్డాక మడమ ఆనించలేకపోయినా, నడుము నొప్పి ఉన్నా మాలిష్ చేయించవద్దు, వెంటనే ఆసుపత్రికి రండి. కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా అది మరీ ప్రమాదం. నడుముకు, మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే లేపి కూర్చోబెట్టవద్దు, నడిపించవద్దు. పడుకోబెట్టే ఉంచి 108కి ఫోన్ చేయండి.

తిడతారని పిల్లలు దెబ్బలు దాచిపెడతారు. ముందు ఎక్కడ నొప్పో అడగండి. మందలింపు తర్వాత చూసుకోవచ్చు.