ఇంట్లో పెద్దవాళ్లు ఏం పెట్టమన్నారమ్మా?

భవిత కేంద్రంలో కొత్తగా చేరిన టీచర్లకు, స్పీచ్ థెరపిస్టులకు నేను ముందుగా నేర్పేది ఈ ప్రశ్నే. ఎదుగుదలలో వెనకబడిన బిడ్డ మన దాకా వచ్చేసరికి ఇంట్లోవాళ్లు ఎన్నో గడపలు తొక్కి ఉంటారు. హోమియో, లేహ్యాలు, తాయెత్తు, పుష్యమి నాడు స్వర్ణప్రాశన. అడగందే చెప్పరు. ముఖం చిట్లిస్తే అసలే చెప్పరు.

"నాటుమందులేమైనా వాడుతున్నారా?" అంటే "అబ్బే, లేదు మేడమ్" అంటారు. పై ప్రశ్న అడిగినప్పుడు మాత్రం ఓ తల్లి చెంగు ముడి విప్పి వసకొమ్ము తీసింది. ఒక కొస అరిగి నున్నబడింది. రోజూ సానరాయి మీద అరగదీసి తేనెతో నాకిస్తోందట. గలగలా మాట్లాడే పిల్లల్ని వసపిట్ట అని మురిసిపోయే మనం, మాట రాని బిడ్డకు వస పెట్టిన తల్లిని ఎలా తప్పుపడతాం? ముందు ఆ మాటే అన్నాను. వసతో పిల్లలకు వాంతులు కావచ్చని, వస నూనె తినిపించిన ఎలుకల్లో కణితులు కనబడ్డాక 1968లో అమెరికా దాన్ని ఆహారంలో నిషేధించిందని ఆ తర్వాతే చెప్పాను.

అడగకుండా వదలకూడనిది ఇంకొకటుంది: "ఫిట్స్ మాత్ర ఇస్తూనే ఉన్నారా?" ఇంగ్లీషు మందు ఆపితేనే తన మందు పనిచేస్తుందని ఎవరో చెప్పి ఉంటారు. వాల్‌ప్రోయేట్ లాంటి ఫిట్స్ మందు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మందు మార్చడం మన పని కాదు. కానీ ఆపేశారని తెలిస్తే ఆ రోజు థెరపీ పక్కనపెట్టి, మీ ఎదుటే డాక్టరుకు ఫోన్ చేయించండి. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

తాయెత్తు గురించి, మెత్తటి నూనె మర్దన గురించి వాదించకండి. పేరూ లేబులూ లేని పొడులు అలా కాదు. అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి బయటపడ్డాయని 2004లో పరిశోధకులు ప్రకటించారు. సీసం దెబ్బతీసేది ఎదిగే మెదడునే. బిడ్డకు రక్తపరీక్ష అవసరమేమో డాక్టర్ని అడగమనండి.

స్టెమ్ సెల్ వైద్యమని తండ్రి పొలం కాగితాలు తాకట్టు పెట్టబోతుంటే మాత్రం గట్టిగానే చెప్పండి. ఆటిజానికి దాన్ని సిఫారసు చేయలేమని నేషనల్ మెడికల్ కమిషనే 2022లో చెప్పింది.

విన్నదంతా తల్లి మాటల్లోనే ఫైలులో రాయండి. సీసానో పొట్లాన్నో ఫోటో తీసుకోండి. ఆ వసకొమ్ము తల్లి తర్వాతి వారం, నేను అడక్కముందే సంచిలోంచి ఓ సీసా తీసి బల్ల మీద పెట్టింది. "మా ఆడపడుచు పంపింది మేడమ్. ఇంకా మూత తీయలేదు. ఇవ్వొచ్చా?"