ఊపిరి చెప్పే కడుపు కబురు

మందలో కలిసిన తన ఆవును గుర్తించడానికి రైతు దాని కొమ్ములకు రంగు పూస్తాడు. దానివల్ల ఆవు నడకలోగాని, మేతలోగాని మార్పు రాదు. ఎక్కడికి వెళ్ళినా ఆనవాలు మాత్రం తెలుస్తుంది. రసాయన శాస్త్రజ్ఞులు అణువులకు చేసేదీ ఇదే. 1923లో హెవెసీ రేడియోధార్మిక సీసాన్ని చిక్కుడు జాతి మొక్కలకు అందించి, అది వేళ్ళనుండి ఎక్కడెక్కడికి చేరుతున్నదో కనుగొన్నాడు. ఈ పద్ధతికి ఆయన 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి పొందాడు.

సాధారణ కార్బన్ కేంద్రకంలో 6 ప్రోటాన్లు, 6 న్యూట్రాన్లు ఉంటాయి. కార్బన్-13లో ఒక న్యూట్రాన్ అదనం. రసాయన గుణాలు దాదాపు ఒకటే, రేడియోధార్మికత లేదు. ప్రకృతిలోని కార్బన్‌లో ఇది సుమారు 1.1 శాతం.

దీని ఉపయోగం మన కుటుంబాలకు సన్నిహితమైనదే. జీర్ణాశయంలో పుండ్లకు ముఖ్యకారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి అని ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ నిరూపించి, 2005లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇది ఎక్కువగా బాల్యంలో సోకి, చికిత్స లేనిచో దశాబ్దాలపాటు నిలిచిపోతుంది; కొందరిలో కాన్సరుకూ దారితీస్తుంది. భారతదేశంలో పెరిగినవారిలో ఇది విస్తారం. సముద్రాలు దాటినా మనతోపాటే వచ్చి ఉండవచ్చు.

పరీక్ష సులభం. మొదట ఒక సంచిలోకి ఊపిరి వదలాలి. పిమ్మట కార్బన్-13 గల యూరియాను నీటిలో కలిపి త్రాగాలి. సూక్ష్మజీవి ఉన్నచో దాని ఎంజైము యూరియాను అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడుగా విడగొడుతుంది. ఆ వాయువు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరుతుంది. సుమారు అరగంట తరువాత మరల ఊపిరి సేకరించి, రెండింటిని పోలుస్తారు.

చిక్కంతా కొలతలోనే ఉంది. ఊపిరిలోని 10 లక్షల కార్బన్ డయాక్సైడు అణువులలో సుమారు 11,000 సహజంగానే కార్బన్-13 గలవి. ఆ సంఖ్య మరో 50 పెరిగినా గుర్తించగలగాలి! పూర్వం ఇందుకు శూన్యపు పంపులు, అయస్కాంతం, నిపుణులు కావలసిన మాస్ స్పెక్ట్రోమీటరే శరణ్యం. నమూనాలను దూరపు ప్రయోగశాలలకు పంపవలసి వచ్చేది.

బల్లమీద ఇమిడే పరారుణ పరికరం ఈ ఇబ్బందిని తొలగించింది. స్ప్రింగుకు బరువైన గుండు కట్టినచో నెమ్మదిగా ఊగినట్లే, బరువైన కార్బన్ గల అణువు నెమ్మదిగా కంపిస్తుంది. అందుచేత సాధారణ అణువు 4.26 మైక్రాన్ల సమీపంలోని కిరణాలను పీల్చుకొనగా, బరువైనది 4.38 మైక్రాన్ల సమీపంలోని వాటిని పీల్చుకుంటుంది. ఏ కిరణం ఎంత తగ్గిందో కొలిచినచో రెండింటి నిష్పత్తి తెలుస్తుంది. ఫలితం వైద్యశాలలోనే కొద్ది నిమిషాలలో లభిస్తుంది.

మొదటి ఊపిరి ఎందుకనే సందేహం రావచ్చు. జొన్న, మొక్కజొన్న, చెరకు మొక్కలలో వరికంటె కార్బన్-13 కొంచెం ఎక్కువ. కనుక జొన్నరొట్టె తిన్నవారి ఊపిరికీ, వరియన్నం తిన్నవారి ఊపిరికీ స్వల్పభేదం ఉంటుంది! పరగడుపున పరీక్ష చేయడం, మొదటి ఊపిరితో పోల్చడం అందుకే అవసరం.

పరీక్షకు ముందు 4 వారాలు యాంటీబయాటిక్కులు, 2 వారాలు ఒమెప్రజోల్ వంటి మాత్రలు ఆపాలి. లేనిచో సూక్ష్మజీవి ఉన్నా కనబడకపోవచ్చు. ఆపే ముందు వైద్యుని సలహా తప్పనిసరి. ‘గ్యాసు’ అని ఏళ్ళ తరబడి మాత్రలు మ్రింగే పెద్దలు మీ యింట ఉంటే, ఈ పరీక్ష సంగతి వైద్యుని అడగండి. ఆ సూక్ష్మజీవి ఉన్నచో, చాలామందిలో రెండు వారాల మందులతో దానిని తొలగించవచ్చు.