ఒకే తీగ – ఇంటిల్లిపాదికి అంతర్జాలం

1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి హైదరాబాదులోని మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ భవనం చుట్టూ హైటెక్ సిటీ విస్తరించింది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో ఉద్యోగుల నివాసాలు వెలిశాయి. కార్యాలయానికే పరిమితమైన కంప్యూటరు క్రమంగా ఇంటిలోనూ చోటు చేసుకొంది. ఒకటి రెండయింది, రెండు మూడయ్యాయి. అంతర్జాలాన్ని మోసుకొచ్చే తీగ మాత్రం ఇంటికి ఒక్కటే. దానిని అందరూ పంచుకోవడం ఎలా?

మనదేశంలో ప్రజలకు అంతర్జాల సేవలు 1995 ఆగస్టు 15న మొదలయ్యాయి. తొలినాళ్లలో టెలిఫోను తీగే ఆధారం. మోడెం పనిచేస్తున్నంతసేపు ఆ ఇంటికి ఫోను వచ్చే వీలుండేది కాదు. 1999లో వచ్చిన విండోస్ 98 రెండవ కూర్పు, ఒక కంప్యూటరుకు ఉన్న అనుసంధానాన్ని మిగిలినవాటికి పంచే సదుపాయం కల్పించింది. అయితే ద్వారం వంటి ఆ మొదటి యంత్రాన్ని ఆపివేస్తే మిగిలినవాటికీ దారి మూసుకుపోయేది. రౌటరు ఈ ఇబ్బందిని తొలగించింది.

రౌటరు పనితీరును తెలుసుకోవడానికి కొండాపూర్‌లోని ఒక అపార్టుమెంటును ఊహించుకోవచ్చు. బయటివారికి తెలిసినది భవనం చిరునామా ఒక్కటే. ఏ ఫ్లాటువారు ఉత్తరం ఇచ్చినా కావలివాడు దానిపై భవనం చిరునామా వేసి పంపుతాడు. తన పుస్తకంలో ఒక గుర్తు రాసుకొంటాడు. జవాబు రాగానే ఆ గుర్తును బట్టి తగిన ఫ్లాటుకు చేరుస్తాడు. రౌటరు కూడా ఇంటిలోని ప్రతి యంత్రానికీ ఒక లోపలి చిరునామా ఇచ్చి, బయటికి ఒకే చిరునామాను చూపుతుంది. ఈ పద్ధతిని 1994లోనే ప్రతిపాదించారు. 32 బిట్ల చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే కావడం అందుకు ముఖ్య కారణం. వాటి ప్రపంచ కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలో పూర్తిగా పంపిణీ అయిపోయింది.

విద్య పంచితే పెరుగుతుంది. వేగం పంచితే తరుగుతుంది. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల కనీస వేగాన్ని నిర్దేశించింది. ముగ్గురు ఒకేసారి సమానంగా వాడితే ఒక్కొక్కరికి దక్కేది దాదాపు 85 కిలోబిట్లే. తర్వాత వేగం ఎన్నో రెట్లు పెరిగినా పంపకం సమస్య తీరలేదు. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి రాగా, ఒక గదిలో తల్లి కార్యాలయ సమావేశం, మరొక గదిలో కుమారుని పాఠం అదే తీగపై సాగాయి. ఆ సమయంలో ఒకరు సినిమా దింపుకొంటే మరొకరి పాఠం మధ్యలో ఆగిపోయేది.

ఇందులో మరొక బాధ్యత కూడా ఉంది. ఇంటిలో ఎవరు ఏమి చేసినా బయటికి కనిపించేది ఆ ఒక్క చిరునామాయే. ఒకరి తప్పిదానికి చందాదారు జవాబు చెప్పుకోవలసి రావచ్చు. కాబట్టి వైఫైకి బలమైన రహస్యపదం పెట్టుకోవాలి. దానిని కనబడిన వారందరికీ చెప్పరాదు. పనివేళలలో తోటివారి అవసరాన్ని గుర్తించి మసలుకోవాలి. తీగను పంచే పని యంత్రానిది. వంతును పాటించే పని మనుషులది.