ఆ నంబరు నీదేనా, చెల్లే?

చెల్లే, నీ బ్యాంకు ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు ఎవలది? నీదా, మీ ఆయనదా, కొడుకుదా? ముందుగాల గిది చెప్పు, తర్వాత తీరువాటంగ మాట్లాడుకుందాం.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఏ ఊరికన్న పోయి అడుగు. ఖాతా అవ్వ పేరు మీద ఉంటది, నంబరు కొడుకుది ఉంటది. మహిళా సంఘం లోను పైసలు పడ్డయా లేదా అన్నది ఆమెకంటె ముందు కొడుక్కు తెలుస్తది. ఆ కొడుకు హైదరాబాద్‌లనో, దుబాయిలనో ఉంటడు. మీసేవల కూసున్న పిలగాడు "అమ్మా, ఓటీపీ వచ్చిందా?" అంటె ఆమె చెవుకాడ ఫోన్ పెట్టుకొని "డ్యూటీల ఉన్నట్టున్నడు బిడ్డా, ఎత్తుతలేడు" అంటది. కొద్దిసేపైతె ఆ ఓటీపీ చెల్లదు. మళ్ల మొదటికి. వెనుక లైన్ల ఉన్నోళ్లు గునుస్తుంటరు. బీడీలు చేసి సంపాయించింది ఆమె, తాళంచెవి మాత్రం ఇంకొకల జేబుల.

బీడీలు చేసీ చేసీ, నాట్లేసీ వేళ్లు అరిగినోళ్ల బాధ ఇంకొకటి. పింఛను కాడ వేలిముద్ర పడదు. తుడిచి, తడిపి, మళ్ల ఒత్తి చూస్తరు. ఇప్పుడు ముఖం చూసి పింఛను ఇచ్చుడు మొదలైంది, మంచి పని. మిషన్ మనిషికి తగ్గట్టు మారాలె గని, మనిషి మిషన్‌కు తగ్గట్టు మారుడేంది?

ఇగ మన గల్ఫ్ ఇండ్ల ముచ్చట. ఒకప్పుడు ఉత్తరం వస్తె చదివేటోళ్లను దేవులాడుకునేటోళ్లు. టేపు క్యాసెట్ల మాటలు నింపి, ఊరికి వచ్చేటోళ్లతోని పంపేటోళ్లు. ఎస్టీడీ బూత్ కాడ మీటరు చూసుకుంట ఏడ్సుడు గూడ తొందర తొందరగ ఏడ్సేటోళ్లు. దుబాయిల వాట్సాప్ కాల్ కలువకపాయె, మనోళ్లు ఇమో పట్టుకున్నరు, బోటిం పట్టుకున్నరు. పుట్టిన బిడ్డను తండ్రి ఫోన్లనే చూస్తుండు, పొలం ఎంత పచ్చగున్నదో అక్కడ మంచం మీద కూసోని చూస్తుండు. దీనికి నేను వంక పెట్ట.

కని ఒక మాట చెప్పక తప్పదు. కొందరు చెల్లెండ్లకు గదే ఫోను కావలి అయి కూసున్నది. "యాడున్నవ్? వీడియో పెట్టు. పక్కకెవలున్నరు?" అంగడికి పోయినా చూపియ్యాలె, పుట్టింటికి పోయినా చూపియ్యాలె. గది ప్రేమ గాదు చెల్లే. పెనిమిటితోని నిమ్మళంగ కూసోని తేల్చుకోవాలె. ఆయన ఎండల కష్టపడుతుండన్నది నిజమే, నువ్వు ఇంటిని ఒంటి చేత్తోని ఈడుస్తున్నవన్నదీ నిజమే.

"నాకు సదువు రాదక్కా, ఫోను నాకెందుకు" అనేటోళ్లకు గంగవ్వను చూపిస్త. మల్యాల మండలం లంబాడిపల్లెల శ్రీరాం శ్రీకాంత్ 2012ల 'మై విలేజ్ షో' పెట్టిండు. అండ్ల గంగవ్వ వచ్చి కూసున్నంక లోకమంత ఆ ఊరి దిక్కు చూసింది. కూలికి పోయింది, బీడీలు చేసింది, అక్షరం రాదు. మాట చెప్తె విని, తన తీరుగ మలుపుకొని అంటది. 2020ల బిగ్‌బాస్ దాక పోయింది, పెయి బాగలేక మధ్యలనే వచ్చినా ఊర్ల ఇల్లు కట్టుకున్నది. అందరం గంగవ్వలం కావాలని అంటలేను. మన యాస ఫోనుకు సరిపోతదని మాత్రం ఆమె చూపెట్టింది. రాయరాకుంటె మైకు బొమ్మ ఒత్తి తెలుగుల మాట్లాడు, అదే రాస్తది.

ఆదిలాబాద్ గోండు అక్కలకు గూడ ఒక సంబురమైన ముచ్చట. నార్నూర్ మండలం గుంజాలల పాత రాతప్రతులల్ల దొరికిన గోండి లిపికి 2018ల యూనికోడ్‌ల చోటు దొరికింది. తాతలు చేత్తోని రాసిన అక్షరాలు ఇప్పుడు కంప్యూటర్‌ల రాయొచ్చు. చెప్పుకోవలసినంత చెప్పుకోలేదు మనం.

మోసాల సంగతి మాత్రం గట్టిగ యాదిపెట్టుకో. ఫోన్ల పైసలు మనకు వచ్చేటందుకు పిన్ను కొట్టే పని లేదు. పిన్ను కొట్టుమన్నడంటె పైసలు గుంజుకునేటందుకే. వాట్సాప్‌ల "చలానా", "పీఎం కిసాన్" అని ఏపీకే ఫైలు వస్తె ముట్టుకోకు, తెలిసినోళ్ల నంబరు నుంచి వచ్చినా సరే. పోలీసులమని వీడియో కాల్‌ల "డిజిటల్ అరెస్టు" అని బెదిరిస్తె కట్ చెయ్యి, గసొంటి అరెస్టు ఏ చట్టంల లేదు. పైసలు పోతె ఏడ్సుకుంట కూసోకు, ఇంట్ల తిడుతరని దాసుకోకు. ఎంబటే 1930కి ఫోన్ చెయ్యి. ఎంత జల్ది చేస్తె ఆ పైసలు ఆపే ఆశ అంత ఎక్కువ.

ఇగ మొదలడిగిన నంబరు సంగతి. నీ పేరు మీద ఒక సిమ్ము తీసుకో. ఆధార్‌ల ఆ నంబరు ఎక్కిచ్చేటందుకు సెంటర్‌కు నువ్వే పో, నంబరు మార్చేటందుకు వేరే కాయితాలేం అడుగరు. ఆడికెంచి పాసుబుక్కు పట్టుకొని బ్యాంకుకు పోయి అండ్ల గూడ అదే నంబరు రాయించు. అత్త ఉంటె అత్తను, పక్కింటి అవ్వ ఉంటె ఆ అవ్వను ఎంబడి తీస్కపో. ఈ వారమే పో చెల్లే.